గీతలొకచోట, గింజలొకచోట

ఉత్తరాన, ఏడాదిలో సగం రోజులు చలికి వణికే కొండల నడుమ వెండికోన అనే అడవి ఉండేది. ఆ అడవి నిండా దేవదారు చెట్లు, అక్రోటు చెట్లు. మధ్యలో ఒక సెలయేరు. అక్కడ ఎలుగుబంట్లు, ముళ్లపందులు, ఉడుతలు, కాకులు, కొండమేకలు, చిట్టెలుకలు కాపురం ఉండేవి. పులి లేదు, తోడేలు లేదు. అయినా గొడవలకు మాత్రం లోటు లేదు. ఎందుకంటే ఆ అడవిలో ప్రతివారూ వాతావరణం తమకే తెలుసనుకునేవారు.

చలిగాలి మొదలైందంటే చాలు, ఎవరి నోట విన్నా ఒకటే మాట. "ఈసారి మంచు ఎంత కురుస్తుంది?"

ఈ మాట కోసమే వెండికోనలో ఒక ఆచారం పుట్టింది. అడవి నడిబొడ్డున ఒక పెద్ద దేవదారు ఉంది. దాన్ని గీతల మాను అనేవారు. మంచు తుఫాను వస్తోందని తెలియగానే, జోస్యం చెప్పే సరదా ఉన్నవాళ్లంతా అక్కడ చేరేవారు. మంచు ఎంత ఎత్తున పేరుకుంటుందో అంచనా వేసి, మాను మీద ఆ ఎత్తులో గోటితో గీత గీసేవారు. తుఫాను ఆగాక మంచు ఎవరి గీత దగ్గర ఆగితే వాళ్లు గెలిచినట్టు. గెలిచినవారు చలికాలమంతా సెలయేటి పక్కన ఉన్న ఎండబండ మీద కూర్చోవచ్చు. దారిన పోయేవాళ్లంతా ఆగి దండం పెట్టాలి.

ఈ పందేనికి రెండు నియమాలు ఉండేవి. ఒకరి గీత మీద ఇంకొకరు గీయకూడదు, బెత్తెడు ఎడం వదలాలి. రెండోది, మొదటి మంచు రేకు నేల మీద పడేదాకా ఎవరైనా తమ గీతను చెరిపి మళ్లీ గీసుకోవచ్చు.

ఈ నియమాలు పెట్టినవారెవరో గాని, అడవిని గందరగోళంలో పడేయడానికే పెట్టినట్టుంది.

సెలయేటి పల్లంలో ఒక బొరియలో నూకాలు అనే చిట్టెలుక ఉండేది. ఆమె మొగుణ్ని చలి మొదలుకాక ముందే గద్ద ఎత్తుకుపోయింది. నలుగురు పసికందులు. ఇంకా ఒంటి మీద నూగైనా రాలేదు, ఎర్రగా, మెత్తగా, అరచేతిలో పట్టేంత ఉన్నారు. వాళ్లలో చిన్నదాని పేరు బుజ్జులు. పాలు తాగడానికి కూడా ఓపిక లేని పిల్ల.

ఆ ఏడు వలస బాతులు అడవి మీదుగా ఎగిరిపోతూ కేక వేసి చెప్పాయి. "పెద్ద తుఫాను వస్తోంది! మా వెనకే వస్తోంది!"

"మా అడవిలో ఎంత కురుస్తుంది?" అని కింది నుంచి అందరూ అరిచారు.

"మాకేం తెలుసు? మేం వెళ్లిపోతున్నాం!" అని బాతులు వెళ్లిపోయాయి.

నూకాలు గుండెలో రాయి పడింది. మంచు కొద్దిగా కురిస్తే పల్లంలోని బొరియే మంచిది. లోపల వెచ్చగా ఉంటుంది, పిల్లలు కళ్లు మూసుకుని పడుకుంటారు. కానీ ఎక్కువ కురిస్తే పల్లమంతా పూడుకుపోతుంది. బొరియ మూతపడి, లోపలివాళ్లకు ఊపిరి కూడా ఆడదు. కొండ మీద ఒక రాతి పగులు ఉంది. అక్కడికి మంచు చేరదు. కానీ అక్కడ గాలి కత్తిలా కోస్తుంది. నూగు రాని పిల్లలు ఆ గాలికి ఎక్కువసేపు ఆగలేరు.

కాబట్టి పైకి వెళ్లాలా, కిందే ఉండాలా? ఆ ఒక్క సంగతి తెలిస్తే చాలు. నూకాలు గీతల మాను దగ్గరికి పరుగెత్తింది.

అక్కడ తిరునాళ్లలా ఉంది. ఎలుగుబంటి జాంబయ్య వెనక కాళ్ల మీద నిలబడి, చెయ్యి చాచి, అందినంత ఎత్తున ఒక గీత గీశాడు.

"అంత మంచా, మావా!" అంది నూకాలు, పైకి చూసి చూసి మెడ నొప్పి పుట్టి.

"అంతే మరి! పొద్దున్నుంచి నాకు ఒకటే ఆవులింతలు. నాకు ఇన్ని ఆవులింతలు వచ్చిన ఏడాది మంచు కొండలా పడుతుంది."

ఆ పక్కనే కాకి కాటుకయ్య మాను నడుముకు ముక్కుతో గీత పెట్టాడు. "అదేం లేదు. పడమటి గాలి మధ్యలో తిరగబడుతుంది. సగం మంచు అవతలి లోయలో పడుతుంది. నేను ఎగిరి చూసి వచ్చాను."

ఉడుత చారమ్మ ఆ ఇద్దరి గీతల కిందికి దిగింది. "దేవదారు కాయలు రెక్కలు ముడుచుకున్నాయి. కానీ గట్టిగా ముడుచుకోలేదు. అందుకని ఇక్కడిదాకే" అని తోక ఎగరేసింది.

చివరగా ముళ్లపంది శూలపాణి వచ్చాడు. పోయిన ఏడు గెలిచింది ఆయనే. గెలిచినవారు చివర గీయాలని మర్యాద. ఆయన నడకే వేరు. ముళ్లు గలగలలాడిస్తూ, ఎవరి వైపూ చూడకుండా వచ్చి, మాను చుట్టూ ఒకసారి తిరిగాడు. పైనంతా గీతలే. మిగిలిన ఖాళీ ఆయన చేతికి అందదు. వేరు దగ్గర మాత్రం కొంచెం చోటు ఉంది. శూలపాణి అక్కడ వంగి ఒక గీత గీశాడు.

"పాదం తడవదు!" అని ప్రకటించాడు. "నా ముళ్లు పడుకుని ఉన్నాయి, చూశారా? ముళ్లు పడుకుంటే మంచు పడుకున్నట్టే. ఈ తుఫాను వట్టి బెదిరింపు."

నూకాలు ఆ గీతల వైపు పైనుంచి కిందికి, కింది నుంచి పైకి చూసింది. పై గీత నిజమైతే అడవిలో సగం ఇళ్లు మునిగిపోతాయి. కింది గీత నిజమైతే పిల్లలను కదపనే అక్కర్లేదు. ఇద్దరూ పెద్దలే. ఇద్దరికీ అనుభవం ఉంది. ఎవరి మాట వినాలి?

"జాంబయ్య మావ పెద్దవాడు" అనుకుంది చివరికి. ఇంటికి పరుగెత్తి, పిల్లల్ని ఒక్కొక్కరినే మెడ దగ్గర నోట కరుచుకుని, కొండ మీది పగులులోకి చేర్చింది. నాలుగోదాన్ని దించి ఊపిరి తీసుకుంటుండగా కాటుకయ్య నెత్తి మీదుగా ఎగిరాడు.

"జాంబయ్య గీత చెరిపేశాడోచ్! బాగా కిందికి దింపాడు!"

నూకాలు నెత్తిన చెయ్యి పెట్టుకుంది. మళ్లీ పిల్లల్ని ఒక్కొక్కరినే కిందికి మోసింది. మోసి, అనుమానం తీరక మాను దగ్గరికి వెళ్లి చూసింది. జాంబయ్య కిందికి దిగిన మాట నిజమే. కానీ ఆయన వదిలిన పై చోటులోకి కాటుకయ్య ఎక్కాడు.

"పడమటి గాలి తిరగబడుతుందన్నావుగా, కాటుకయ్య బాబాయ్?"

"తిరగబడిన గాలి మళ్లీ తిరగబడింది" అన్నాడు కాటుకయ్య, ఏమాత్రం తడుముకోకుండా.

నూకాలు మళ్లీ ఇంటికి పరుగు. మళ్లీ పిల్లల్ని నోట కరుచుకోవడం. ఇద్దరిని పైకి చేర్చేసరికి చారమ్మ గీత కాటుకయ్యను దాటిందనీ, చారమ్మను చూసి ఇంకెవరో దిగారనీ వార్త వచ్చింది. ఇక ఎటు పోవాలో తోచక నూకాలు కొండకూ పల్లానికీ మధ్య దారిలో నిలబడిపోయింది. ఇద్దరు పిల్లలు పైన. ఇద్దరు కింద. ఎవరెక్కడున్నారో ఒక క్షణం ఆమెకే గుర్తు రాలేదు. దేవుడా, కన్నతల్లికి రావలసిన గతేనా ఇది!

పగులులోకి తొంగిచూసింది. గాలి ఈల వేస్తోంది. బుజ్జులు చిన్నగా తుమ్మింది.

"అమ్మా, మనం పైకి వస్తున్నామా, కిందికి వెళ్తున్నామా?" అని పక్కనున్న పెద్దవాడు అడిగాడు.

"నాకే తెలియదు నాయనా. చెల్లికి ఆనుకుని పడుకో" అంది నూకాలు. బుజ్జులు ఒళ్లు మంచుగడ్డలా ఉంది. ఇంకోసారి ఈ పిల్లను కిందికీ పైకీ తిప్పితే బతకదని తల్లికి తెలిసిపోయింది. ఇక ఒక్కసారే కదపాలి. ఆ ఒక్కసారీ తప్పకూడదు.

"గీతల సంగతి నాకొద్దు. చారమ్మక్క ఇంటికే వెళ్లి, చేతులు పట్టుకుని నిజం అడుగుతాను" అనుకుని నూకాలు అక్రోటు చెట్టు దగ్గరికి వెళ్లింది.

చెట్టు మొదట్లో చారమ్మ తొర్ర ఉంది. ప్రతి చలికాలం అది కాయలతో కిటకిటలాడుతుంది. ఇప్పుడు లోపల ఒక్క తొక్క కూడా లేదు. ఊడ్చినట్టుంది. చారమ్మా లేదు.

"ఇదేమిటి?" అనుకుంది నూకాలు.

తొర్ర బయట దారి మీద ఒక అక్రోటు కాయ పడి ఉంది. కొంచెం ముందు ఇంకొకటి. ఎవరో ఒడి నిండా నింపుకుని పరుగెత్తుతూ జార్చుకున్నట్టున్నారు. నూకాలు ఆ కాయల వెంబడి నడిచింది. దారిలో జాంబయ్య గుహ వచ్చింది. అదీ ఖాళీ. పడుకునే ఆకుల పరుపు కూడా లేదు. సెలయేటి మీది కొమ్మలో కాటుకయ్య గూడు ఉండాలి. పుల్ల మిగలలేదు.

నూకాలుకు మతి పోయింది. కాయల జాడ కొండ మీదికే వెళ్లింది. కానీ తన పగులు వైపు కాదు. చుట్టూ తిరిగి కొండ వెనక వైపుకు వెళ్లింది. నూకాలు ఎప్పుడూ ఆ వైపు చూసి ఎరగదు. మలుపు తిరగగానే గాలి టక్కున ఆగిపోయింది. అక్కడ పెద్ద పెద్ద బండలు గోడలా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య పొడి నేల, లోతైన సందులు.

అక్కడే ఉన్నారు అందరూ!

జాంబయ్య చంకలో ఆకుల పరుపు పెట్టుకుని ఒక గుహలోకి దూరుతున్నాడు. చారమ్మ ఒక బొక్కలో కాయలు కుక్కుతోంది. కాటుకయ్య నోట పుల్లతో బండ చాటున గూడు కడుతున్నాడు. ఇక మూలన, ఎవరికీ కనబడకుండా, దుంపల మూట మోసుకొస్తున్నది సాక్షాత్తూ పాదం తడవదన్న శూలపాణిగారు.

నూకాలును చూసి అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. కాటుకయ్య నోట్లోంచి పుల్ల జారిపడింది.

"నువ్వేంటమ్మా ఇక్కడ?" అన్నాడు జాంబయ్య.

"మీరేంటి ఇక్కడ?" అంది నూకాలు.

నూకాలు చూపు చారమ్మ కుక్కుతున్న కాయల మీద పడింది.

"చారమ్మక్కా, మొదట మంచు కొద్దిగానే పడుతుందని గీత గీశావు. మరి కాయలన్నీ ఎందుకు పైకి తెచ్చావు?"

చారమ్మ తోకలో మొహం దాచుకుంది. "గీత వేరమ్మా, గింజలు వేరు. మాను మీద ఖాళీ ఎక్కడ ఉంటే అక్కడ గీస్తాం. గెలిస్తే ఎండబండ దక్కుతుంది, ఓడితే పోయేదేమీ లేదు. గింజలు పోతే ఎలా బతకను?"

"నా చెయ్యి అందిన చోట నేను గీశాను" అని జాంబయ్య నేల చూపులు చూశాడు. "తర్వాత కింద ఖాళీ కనబడితే అక్కడికి మార్చాను. అసలు ఎంత పడుతుందో నాకు మాత్రం ఏం తెలుసు? పల్లంలో ఉండటం మంచిది కాదని మాత్రం తెలుసు."

నూకాలుకు ఒళ్లు మండిపోయింది. ఇంత చిన్న ఎలుక అంత పెద్ద ఎలుగుబంటి మీద అరవడం ఆ అడవిలో అదే మొదటిసారి.

"మీ గీతలు చూసి నేను పసిపిల్లల్ని పైకీ కిందికీ మోశాను! నా బుజ్జులు చలికి నీలుక్కుపోతోంది! ఇలా కొండ వెనక్కి రమ్మని ఒక్కమాట చెబితే మీ సొమ్మేం పోయేది?"

"చెబితే మా గీత మీద మాకే నమ్మకం లేదని తెలిసిపోదూ?" అన్నాడు కాటుకయ్య మెల్లగా. "అయినా ఎవరూ అడగలేదమ్మా. అందరూ ఎంత కురుస్తుందనే అడిగారు. నీ ఇల్లు ఏం చేశావని ఒక్కరూ అడగలేదు."

నూకాలుకు అప్పటికి బుర్ర తేటపడింది. ఎంత కురుస్తుందో వీళ్లలో ఎవరికీ తెలియదు. ఏం చేయాలో మాత్రం అందరికీ తెలుసు.

ఇంతలో కాటుకయ్య చూపు శూలపాణి మూట మీద పడింది. తన తప్పు బయటపడినవాడికి పక్కవాడి తప్పు దొరికితే ఎంత హాయో! కాటుకయ్య పగలబడి నవ్వాడు.

"అయ్యా, పాదం తడవదన్నారు! మరి పాదాలు ఇంత పైకి ఎందుకొచ్చాయి?"

శూలపాణి ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. "నేను మీలాగా మాట మార్చేవాడిని కాను. ఈ దుంపలు... వీటిని కాస్త ఎండబెడదామని తెచ్చాను. ఎండబెట్టడం అయింది. తీసుకుపోతున్నాను."

"ఎండ ఎక్కడుంది?" అంది చారమ్మ ఆకాశం చూస్తూ.

"నా గీత గీతే!" అని శూలపాణి మూట భుజాన వేసుకుని వెనక్కి తిరిగాడు. మూట బరువుకు వంగిపోతూ, తల మాత్రం వంచకుండా, పల్లం దారి పట్టాడు.

సరిగ్గా అప్పుడే నూకాలు ముక్కు మీద చల్లగా ఏదో వాలింది. మొదటి మంచు రేకు.

"నా పిల్లలు!" అని ఆమె కెవ్వుమంది.

జాంబయ్య ఆకుల పరుపు అక్కడే పడేసి వంగాడు. "ఎక్కు నా మెడ మీద. గట్టిగా పట్టుకో."

ఎలుగుబంటి అంత వేగంగా పరుగెత్తడం నూకాలు ఎన్నడూ చూడలేదు. ముందు పగులులోని ఇద్దరినీ, తర్వాత బొరియలోని ఇద్దరినీ తీసుకున్నారు. పిల్లలు జాంబయ్య బొచ్చులో మునిగిపోయి వెచ్చగా ఒదిగారు. గింజలు తీసుకునే వ్యవధి లేదు. ఒక దోసెడు నోట కుక్కుకుని నూకాలు మళ్లీ మెడ ఎక్కింది.

పక్క బొరియ గుమ్మంలో శూలపాణి దుంపలు సర్దుకుంటున్నాడు.

"రండి శూలపాణిగారూ! పంతాలు తర్వాత చూసుకోవచ్చు" అంది నూకాలు, నోటినిండా గింజలతోనే.

"వెళ్లవమ్మా, నీ పని చూసుకో. రేపు వచ్చి నా గీతకు దండం పెడుదువుగాని" అని ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

నిజానికి ఆయనకూ భయంగానే ఉంది. కానీ అందరి ముందూ అంత గట్టిగా అన్నాక, తన మాట నిజమేనని తనకే అనిపించడం మొదలైంది. అలా అనిపిస్తే వెనక్కి రావడం మహా కష్టం.

ఆ తర్వాత మంచు కురిసింది. రెండు రోజులు ఆగకుండా కురిసింది. కొండ వెనక బండల సందులో నూకాలు పిల్లల్ని పొట్ట కింద పెట్టుకుని కూర్చుంది. మొదటి రోజు బుజ్జులు కదల్లేదు. నూకాలు దాని ఒళ్లు నాకుతూనే ఉంది, దేవుళ్లందరికీ మొక్కుతూనే ఉంది. చారమ్మ అడగకుండానే కాయలు పగలగొట్టి ఇచ్చింది. రెండో రోజు పొద్దున్నే బుజ్జులు గట్టిగా తుమ్మి, పాల కోసం ఏడ్చింది. ఆ ఏడుపు విని నూకాలు కూడా ఏడ్చేసింది.

తుఫాను ఆగాక అందరూ గీతల మాను దగ్గరికి వెళ్లారు. మంచు ఏ గీత దగ్గరా ఆగలేదు. రెండు గీతల మధ్య ఖాళీలో ఆగింది. కాటుకయ్య, చారమ్మ కాసేపు వాదించుకుని, ఎవరూ వినకపోవడంతో మానేశారు. శూలపాణి గీత ఎక్కడో అడుగున ఉంది. పల్లం కూడా కనబడలేదు. సెలయేరు, బొరియలు, గట్లు అన్నీ ఒకే తెల్లటి నేలగా మారిపోయాయి.

"శూలపాణి!" అన్నాడు జాంబయ్య.

అందరూ కలిసి తవ్వారు. చాలాసేపు తవ్వాక ఒక విరిగిన ముల్లు, తర్వాత ఇంకొకటి బయటపడ్డాయి. శూలపాణి లోపలి నుంచి తవ్వుకుంటూ సగం దూరం వచ్చి, ఓపిక లేక అక్కడే చతికిలబడ్డాడు. వీపు మీద ముళ్లు సగం రాలిపోయాయి. దుంపలన్నీ గడ్డకట్టి బండలైపోయాయి. ఇక వసంతం వచ్చేదాకా ఆయన ఒకరి చేతి కూడు తినాల్సిందే.

బయటికి లాగగానే ఆయన వణుకుతూ మొదలుపెట్టాడు. "పడమటి గాలి గనక ఆ మధ్యాహ్నం కొంచెం..."

కాటుకయ్య నవ్వబోయాడు. నూకాలు అతని వైపు ఒక చూపు చూసింది. నవ్వు గొంతులోనే ఆగింది.

"ముందు తినండి" అని నూకాలు తన దగ్గర మిగిలిన గింజలు శూలపాణి ముందు పెట్టింది. ఆయన ఒక గింజ నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. ఆ తర్వాత గాలి గురించి ఏమీ మాట్లాడలేదు.

చలికాలం ఇంకా అయిపోలేదు. కొన్నాళ్లకు ఆకాశం మళ్లీ నల్లబడింది. అంత మంచులో నూకాలు పసిపిల్లలు బతికి బయటపడ్డారని విని, ఈసారి కొండమేకలు, ఉడుతలు, పక్క కోన ఎలుకలు కూడా గుంపుగా ఆమెను వెతుక్కుంటూ వచ్చాయి.

"నూకాలమ్మా, ఈసారి మంచు ఎంత పడుతుందంటావు?" అని ఒక మేక అడిగింది.

"ఏమో, నాకు తెలియదు" అంది నూకాలు.

గుంపు గుసగుసలు పోయింది. "నీకే తెలియకపోతే ఎలా? మరి మమ్మల్ని ఏం చేయమంటావు?"

నూకాలు బండల సందు వైపు పక్కకు జరిగి దారి ఇచ్చింది.

"నా పిల్లలు ఎక్కడ పడుకున్నారో చూసి వెళ్లండి" అంది.

నీతి: ఎదుటివారు ఏం చెబుతున్నారో విని ఊరుకోకూడదు, తమ ఇంటి కోసం ఏం చేసుకుంటున్నారో కూడా చూడాలి. అన్న మాట నిలబెట్టుకోవాలనే పంతానికి పోయినవాడు తన కొంపకు తానే ఎసరు పెట్టుకుంటాడు.